వదిలి రావచ్చా? ఇంటికే వెళ్లే అత్యవసర నర్సు పని

ఆస్పత్రి వార్డులో ఒక నర్సు డ్యూటీ దిగితే ఇంకొకరు ఎక్కుతారు. మంచం పక్కన మనిషి మారతారే గానీ చూసేవాళ్లు లేకుండా పోరు. ఇంటికి వెళ్లి అత్యవసర వైద్యం చేసే నర్సుకు ఆ వెసులుబాటు లేదు. అరగంటో గంటో గడిపి, బ్యాగు సర్దుకుని, తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాక లోపల మిగిలేది రోగి, పక్కన అలసిపోయిన భార్యో కొడుకో. కొన్ని ఇళ్లలో వాళ్లూ ఉండరు. ఈ ఉద్యోగం అనగానే జనానికి ఇంజెక్షన్లు, కట్లు, సెలైన్లు గుర్తొస్తాయి. అవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా తేలిక కానిది ఆఖరి ఐదు నిమిషాలు: ఈ మనిషిని ఇక్కడే వదిలి వెళ్లవచ్చా, అంబులెన్స్ పిలవాలా అని తేల్చుకోవడం. అంతకుముందు చేసే పరీక్షలు, అడిగే ప్రశ్నలు, ఇల్లంతా కలయజూడటం అన్నీ ఆ ఒక్క నిర్ణయం కోసమే.

ఇళ్లకు వెళ్లే నర్సులందరి పనీ ఒకటి కాదు. పుండుకు కట్టు మార్చడానికో ఇన్సులిన్ వేయడానికో ముందే రాసుకున్న జాబితా ప్రకారం తిరిగేవారు వేరు. ఇక్కడ జాబితా ఉండదు. నిన్నటిదాకా తన పని తాను చేసుకున్న పెద్దాయన ఇవాళ మంచం దిగలేకపోతున్నాడు. మూత్రపు పైపు మూసుకుపోయి కడుపు ఉబ్బింది. ఆఖరి దశలో ఉన్న మనిషికి ఉన్నట్టుండి నొప్పి పెరిగింది. ఇవి గుండెపోటులాగా నిమిషాల మీద పరిగెత్తాల్సినవి కావు, అలాగని రేపు చూద్దాంలే అనడానికీ వీల్లేదు. ఇంగ్లండ్‌లోని జాతీయ ఆరోగ్య సేవ ఈ మధ్యస్థ పరిస్థితికి ఒక గడువు పెట్టింది: పిలుపు అందిన 2 గంటల్లోపు ఎవరో ఒకరు ఇంటికి చేరాలి. 2019 జనవరిలో వెలువడిన దీర్ఘకాల ప్రణాళికలో ఇచ్చిన మాట అది. 2022 ఏప్రిల్ నుంచి వారంలో ఏడు రోజులూ, కనీసం ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు దేశమంతటా అందాలన్నారు. పిలుపుల్లో కనీసం 70 శాతానికి ఆ గడువు అందుకోవడం లక్ష్యం.

ఏయే సందర్భాల్లో వెళ్లాలో చెప్పే వాళ్ల జాబితాలో కింద పడటం, మతి స్థిమితం తప్పడం, పైపు ఇబ్బందులు, షుగర్ సమస్యలు ఎలాగూ ఉన్నాయి. వాటి సరసనే ఇంకొకటి ఉంది: రోగిని చూసుకుంటున్న ఇంటి మనిషి ఇక చేయలేనని చేతులెత్తేయడం. అది రోగం కాదు, రోగిది అసలే కాదు. అయినా అత్యవసరమే. ఆ జాబితా రాసినవాళ్లలో ఇళ్లకు వెళ్లివచ్చినవాళ్లు ఉండి ఉంటారు.

ఇంటికి నర్సును పంపడం కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు. 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్ భార్య చనిపోయింది. ఆమె ఆఖరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సునే ఆయన మళ్లీ పనిలో పెట్టుకుని, ఆ నగరంలోని పేదల ఇళ్లకు మూడు నెలల పాటు వెళ్లి చూడమన్నాడు. నెల తిరక్కుండానే ఆమె ఏడుస్తూ వచ్చి, ఆ దుర్భర స్థితి చూడలేకపోతున్నానని చెప్పింది. ఆయన నచ్చజెబితే తిరిగి వెళ్లింది. మూడు నెలలు పూర్తయ్యాక మాత్రం ఈ పని వదలనని తనే పట్టుబట్టింది. తర్వాత రాత్‌బోన్ ఫ్లారెన్స్ నైటింగేల్ సలహాతో లివర్‌పూల్‌లో నర్సుల శిక్షణాలయం పెట్టించాడు. న్యూయార్క్ పేటల్లో లిలియన్ వాల్డ్ ఇలాంటి సేవే మొదలుపెట్టింది 1893లో. పనిముట్లు మారాయి. మేరీ రాబిన్సన్‌ను ఏడిపించిన విషయం మాత్రం మారలేదు. రోగాన్ని చూడటానికి వెళ్లిన నర్సుకు ఆ ఇంటి సంసారమంతా కళ్లబడుతుంది.

అసలు ఇంట్లోనే ఎందుకు చూడాలి, ఆస్పత్రిలో చేర్చేస్తే సరిపోదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ముసలివాళ్ల విషయంలో ఆస్పత్రి మంచానికి ఒక మూల్యం ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు పూర్తిగా మంచం మీదే ఉంచి 2007లో చేసిన అధ్యయనంలో వాళ్ల కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. జబ్బే లేనివాళ్ల సంగతి ఇది. న్యుమోనియాతో చేరిన 85 ఏళ్ల మనిషికి రోగం నయమయ్యేసరికి బాత్‌రూమ్ దాకా నడిచే సత్తా పోయి ఉండవచ్చు. కొత్త చోటు, రాత్రంతా లైట్లు, గంటకో కొత్త మొహం, వీటితో మతి చెదిరేవారూ ఉన్నారు. బ్రిటన్‌లో 9 చోట్ల 1,055 మంది వృద్ధులతో జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో కొందరికి ఆస్పత్రిలో, కొందరికి వృద్ధుల వైద్య నిపుణుల పర్యవేక్షణలో ఇంట్లోనే చికిత్స చేశారు. ఆరు నెలల తర్వాత మరణాలు, సొంత ఇంట్లో ఉన్నవారి నిష్పత్తి రెండు వైపులా ఇంచుమించు సమానం. వృద్ధుల సంరక్షణ గృహాల్లో చేరాల్సి వచ్చినవారు మాత్రం ఇంటి వర్గంలో తక్కువ. ఆ పరీక్షలోకి తీసుకున్నది ఇంట్లో చూడదగినవాళ్లని ముందే ఎంచినవాళ్లను. ఎంపిక సరిగా లేకపోతే ఆ ఫలితాలు మనకు పనికిరావు. అమెరికాలో 2020 నవంబరు నుంచి మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇంట్లోనే ఆస్పత్రి స్థాయి చికిత్సకు అనుమతిచ్చినప్పుడు కూడా రోజుకు కనీసం రెండుసార్లు మనిషి స్వయంగా వెళ్లి చూడాలన్న షరతు పెట్టింది. వీడియో కాల్ ఒక్కటే సరిపోదన్న మాట.

ఎంపిక ఫోన్ దగ్గరే మొదలవుతుంది. మూతి వంకర పోయింది, ఛాతీలో బరువు, ఆగని రక్తం, మాట్లాడటానికే ఊపిరి అందడం లేదు, ఇలాంటివి వినపడితే నర్సు బయల్దేరడం తప్పు. అది అంబులెన్స్ పని, నర్సు వెళ్తే సమయం దండగ. కానీ ఫోన్ చేసేవాళ్లు వైద్య భాషలో మాట్లాడరు. ‘ఎందుకో నిన్నటి మనిషిలా లేదు’ అంటారు. అనుభవం లేనివాళ్లు ఆ మాటను పట్టించుకోరు. నిజానికి కూతురు నోట వచ్చే ఆ వాక్యం చాలాసార్లు థర్మామీటర్ కంటే ముందే రోగాన్ని పసిగడుతుంది.

ఇక ఇంట్లో అడుగుపెట్టాక పరీక్ష బ్యాగు తెరవకముందే సగం అయిపోతుంది. తలుపు ఎవరు తీశారు? రోగే నడుచుకుంటూ వచ్చి తీస్తే ఒక లెక్క, లోపలి నుంచి పీలగొంతుతో ‘తాళం వేయలేదు, రండి’ అంటే ఇంకో లెక్క. కుర్చీ నుంచి బాత్‌రూమ్ దాకా గోడ మీద చేతి మరకలు ఉంటే ఆ మనిషి చాన్నాళ్లుగా గోడ పట్టుకునే నడుస్తున్నట్టు. మాత్రల డబ్బాలో సోమవారం గడి ఖాళీ, మంగళ బుధ గడులు నిండుగా ఉంటే మతి ఎప్పుడు చెదిరిందో తేదీతో సహా తెలిసిపోతుంది. ఫ్రిజ్ తెరిస్తే నాలుగు రోజుల నాడు వండింది మూత తీయకుండా ఉంది. ఆస్పత్రి డాక్టరుకు ఎన్ని రక్తపరీక్షలు చేసినా అందని సమాచారం ఇది. ఇంటి వైద్యానికి ఉన్న అసలు బలం ఈ చూపేనని, దీనికి చదువుల్లో ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని గట్టిగా చెప్పవచ్చు.

అంకెలు చెప్పేది, చెప్పనిది

చూపు తర్వాత కొలతలు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరు, వాడుకలో న్యూస్-2, ఈ నర్సులు చాలామంది నోట వినపడే మాట. శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్ శాతం, బయటి నుంచి ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఈ ఏడింటికీ మార్కులు వేసి కూడతారు. మొత్తం 0 నుంచి 20 దాకా వస్తుంది. 5 వస్తే తొందరగా డాక్టరు చూడాలి, 7 గానీ ఆపైన గానీ వస్తే అత్యవసరం. కొత్తగా మొదలైన అయోమయానికి ఒక్కదానికే 3 మార్కులు. ఏడింటిలోనూ ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాస. రోగికి తెలియకుండా, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, నిమిషం నిండా ఛాతీ కదలికలు లెక్కపెట్టాలి. ఆ నిమిషం ఓపిక లేక 16 అనో 18 అనో రాసేసేవాళ్లు తక్కువేమీ కాదు. నిమిషానికి 25, ఆపైన ఉంటే అదొక్కటే 3 మార్కులు తెచ్చే ప్రమాద సంకేతం. అది ఊహించి రాసే అంకె కాదు.

ఈ స్కోరు పుట్టింది ఆస్పత్రి మంచాల కోసం. ఇంట్లో దాన్ని గుడ్డిగా నమ్మితే రెండు వైపులా పొరపాటే. ఎప్పుడూ పై బీపీ 105 దగ్గరే ఉండే సన్నటి మనిషికి ఏ రోగం లేకపోయినా ఒక మార్కు పడుతుంది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకునేవాళ్లకు 88 నుంచి 92 శాతం ఆక్సిజనే లక్ష్యం. అందుకే వాళ్లకు వేరే కొలబద్ద ఉంది. అది మరిచి 98కి తేవాలని ఆక్సిజన్ పెంచితే మేలు కాస్తా కీడవుతుంది. ఇంకోవైపు బీపీకో గుండెకో నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్ మాత్రలు మింగేవారికి లోపల ఇన్‌ఫెక్షన్ ముదిరినా నాడి 80 దాటకపోవచ్చు. ముసలితనంలో జ్వరం రాకుండానే న్యుమోనియా రావడం మామూలే. వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రం చల్లబడిన చేతుల మీద తడబడుతుంది, నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు. అంచేత నర్సు అడగాల్సిన ప్రశ్న ‘ఈ అంకె మామూలేనా’ అని కాదు, ‘ఈ మనిషికి మామూలేనా’ అని. జవాబు పాత కాగితాల్లోనో ఇంట్లోవాళ్ల నోటనో దొరుకుతుంది.

కింద పడిన మనిషి దగ్గర

ఇలాంటి సేవలకు తరచూ వచ్చే పిలుపు కింద పడటం. చూడటానికి చిన్న విషయం: లేపి కూర్చోబెడితే చాలనిపిస్తుంది. ముందు తేల్చాల్సింది ఎంతసేపు నేల మీద ఉన్నారన్నది. గంట దాటితే కథ మారుతుంది. ఒకే వైపు ఒత్తిడి పడి చర్మం చితుకుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, నలిగిన కండరాల నుంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాల మీద పడతాయి. మూత్రం కాఫీ రంగులో వస్తే ఆలోచించడానికేమీ లేదు, ఆస్పత్రికే. ఒక కాలు పొట్టిగా కనపడి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగినట్టు అనుమానించాలి, కదపకూడదు. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారైతే పైకి బాగానే ఉన్నా స్కాన్ గురించి మాట్లాడాల్సిందే. లోపల రక్తస్రావం కొన్ని గంటలు ఆగి కూడా బయటపడగలదు.

ఇవేవీ లేవని తేలాక లేపే పని. చంకల కింద చేతులు పెట్టి లాగడం ఇంటివాళ్లు చేసే మొదటి తప్పు. రోగి భుజమూ పోతుంది, లాగినవాళ్ల నడుమూ పోతుంది. పక్కకి దొర్లించి, మోచేతి మీద లేపి, చేతులు మోకాళ్ల మీదికి తెచ్చి, ముందు ఒక కుర్చీ పెట్టి దాని మీద చేతులు ఆనించి, బలమైన కాలు ముందుకు వేయించి, వెనక ఇంకో కుర్చీ జరిపి కూర్చోబెట్టాలి. శ్రమంతా రోగిదే, నర్సుది మాట సాయం. అలా లేచే ఓపిక లేని రోగులకు గాలి నింపితే లేచే మెత్తలున్నాయి.

లేచి కూర్చున్నాక చాలామంది నర్సు వెళ్లిపోతుందనుకుంటారు. ఎందుకు పడ్డారో తేలకుండా వెళ్లడమంటే రేపు మళ్లీ పడటానికి వదిలి వెళ్లడమే. పడుకోబెట్టి ఐదు నిమిషాలాగి బీపీ, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మళ్లీ బీపీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే దోషి దొరికినట్టే, ఎక్కువసార్లు అది మాత్రల డబ్బాలోనే ఉంటుంది. రాత్రి మూత్రానికి లేచినప్పుడే పడ్డారా, చెప్పు జారిందా, కళ్లు తిరిగాయా, పడ్డది గుర్తుందా? గుర్తు లేదంటే గుండె లయ వైపు చూపు తిరగాలి.

పైపు కథ వేరు. మూత్రపు పైపు మూసుకుపోయిన మనిషి అర్ధరాత్రి పడే బాధ చూసినవాళ్లకు అది చిన్న సమస్య అనిపించదు. ముందు తేలిక కారణాలు చూడాలి: పైపు మడతపడిందా, సంచీ మూత్రాశయం కంటే ఎత్తులో వేలాడుతోందా, మలబద్ధకంతో పేగు నొక్కుతోందా. అవి కాకపోతే పైపు మార్చడమే. కొత్త పైపు వేసేటప్పుడు మూత్రం కంటపడకముందే, పైపు జారిపోకుండా లోపల ఆపే బెలూన్ నింపడం పెద్ద తప్పు. అది మూత్రాశయంలో కాక దారిలోనే ఉబ్బితే చీలిక, రక్తం. రెండు మూడు వారాలకోసారి మూసుకుపోయే పైపుల్లో తరచూ దొరికే నేరస్థుడు ప్రోటియస్ బ్యాక్టీరియా. అది యూరియాను విరిచి మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, లవణాలు స్ఫటికాలై పైపు కొన దగ్గర సున్నంలా గట్టిపడతాయి. తీసిన పైపును చెత్తలో పడేసే ముందు కొన నలిపి చూసే నర్సుకు ఇసకలా కరకరమని తగిలితే, తర్వాతి మార్పు ఎప్పుడు పెట్టుకోవాలో అప్పుడే తెలుస్తుంది. మూసుకుపోయేదాకా ఆగక్కర్లేదు.

వెన్నుపాము దెబ్బతిన్నవారి విషయంలో ఇదే సమస్య ప్రాణాంతకం. ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ ఆపైన గానీ గాయమైనవారికి నిండిన మూత్రాశయం వల్ల బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది. పగిలిపోయే తలనొప్పి, ఎర్రబడిన మొహం, చెమటలు. అప్పుడు పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేసి వెంటనే మూత్రం పోనివ్వాలి. మామూలు మూసుకుపోయిన పైపు అనుకుని తీరిగ్గా వెళ్తే పక్షవాతం దాకా పోవచ్చు. ‘వెన్నుకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా’ అని ఫోన్‌లో అడిగిన ఒక్క ప్రశ్న ఇక్కడ మనిషిని కాపాడుతుంది.

లో షుగర్ పిలుపు చూడటానికి అన్నిటికంటే సులువు. డెసిలీటరు రక్తంలో 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, మింగగలిగే మనిషికి 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్, పావుగంటాగి మళ్లీ పరీక్ష, తర్వాత కాస్త తిండి. పది నిమిషాల్లో మనిషి నవ్వుతూ మాట్లాడతాడు. ఉచ్చు అక్కడే ఉంది. వాడేది గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ కోవకు చెందిన మాత్రలైతే, పైగా మూత్రపిండాలు బలహీనమైతే, మందు ఒంట్లో ఉన్నంతసేపూ షుగర్ మళ్లీ మళ్లీ పడుతుంది. నవ్వుతున్న మనిషిని చూసి మురిసి వదిలి వస్తే తెల్లవారుజామున లేపడానికి ఎవరూ ఉండరు.

మతి చెదిరిన పెద్దవాళ్ల విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది: అరిచి గోల చేసేవాళ్లనే గమనించడం. పాతకాలపు వాళ్లు సన్నిపాతం అని పిలిచిన ఈ స్థితికి నిశ్శబ్ద రూపం కూడా ఉంది. రోజంతా మగతగా, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పడుకుంటారు. ‘హాయిగా నిద్రపోతోంది’ అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. వెతకాల్సిన కారణాలు తరచూ మామూలువే: నిండిన మూత్రాశయం, నాలుగు రోజుల మలబద్ధకం, తాగని నీళ్లు, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర. మూత్రంలో ముంచే పట్టీ రంగు మారగానే యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని ముద్ర వేయడం పాత అలవాటు. ఏ రోగం లేని వృద్ధుల మూత్రంలోనూ బ్యాక్టీరియా ఉండటం మామూలు కాబట్టి, 65 దాటినవారిలో ఆ పట్టీని సాక్ష్యంగా తీసుకోవద్దంటున్నారు. దాన్ని నమ్మి ఆగిపోతే అసలు కారణం లోపలే ఉండిపోతుంది.

ఆఖరి రాత్రులు

ఇంట్లోనే కన్నుమూయాలనుకున్న మనిషి దగ్గరికి వచ్చే పిలుపుల్లో ‘వదిలి రావడం’ అన్న మాటకు అర్థమే మారిపోతుంది. ఇక్కడ ఆస్పత్రికి పంపడమే ఓటమి కావచ్చు. ముందుచూపున్న చోట నాలుగు రకాల ఇంజెక్షన్లు ఇంట్లో ముందే పెట్టి ఉంచుతారు: నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్, కలతకు మిడజోలం, వాంతికి ఒకటి, గొంతులో చేరే స్రావాలకు ఒకటి. డాక్టరు చీటీ ముందే రాసి ఉంటుంది, కాబట్టి రాత్రి రెండింటికి మందుల షాపు వెతుక్కోనక్కర్లేదు. నోటితో మింగలేనప్పుడు చర్మం కింద చిన్న సూది పెట్టి, బ్యాటరీతో నడిచే సిరంజి పంపు ద్వారా 24 గంటల పాటు సన్నగా మందు వెళ్లేలా చేస్తారు. పంపు బిగించాక మందు ఒంట్లో సరిపడా చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అది మరిచి, అప్పటికప్పుడు పనిచేసే ఇంజెక్షన్ ఇవ్వకుండా పంపు ఒక్కటే పెట్టి వెళ్లిపోతే ఆ కొన్ని గంటలూ రోగికి నరకమే.

మందుల కంటే ఎక్కువ సమయం మాటలకు పోతుంది. ఊపిరి గబగబా సాగి, సన్నగిల్లి, అరనిమిషం ఆగి మళ్లీ మొదలవడం, గొంతులో గరగర, చల్లబడి మచ్చలు తేలే పాదాలు, ఇవి వస్తాయని ముందే చెప్పాలి. చెప్పని ఇంట్లో తెల్లవారుజామున భయపడిపోయి అంబులెన్స్ పిలుస్తారు, ఆ మనిషి కోరుకోని చోట కన్నుమూస్తాడు. ‘ఆ గరగర మీకు వినడానికి కష్టంగా ఉంటుంది, ఆయనకు మాత్రం తెలియకపోవచ్చు’ అన్న ఒక్క మాట ఆ రాత్రిని మార్చేస్తుంది.

ఇంటి వైద్యం గురించి ఉత్సాహంగా రాసేవాళ్లు తరచూ దాటేసే విషయం ఒకటుంది. ఆస్పత్రిలో ముగ్గురు షిఫ్టుల్లో పంచుకునే పనిని ఇంట్లో ఒక్క మనిషి జీతం లేకుండా చేస్తుంది. ఆమె చాలాసార్లు భార్యో కూతురో కోడలో, ఆమెకే మోకాళ్ల నొప్పులు, బీపీ. ఇంటి వైద్యం చవక అనేవాళ్ల లెక్కల్లో ఆమె నిద్ర కనపడదు. అందుకే తెలిసిన నర్సు రోగి బీపీ చూశాక పక్కనున్న మనిషి వైపు తిరిగి ‘నిన్న రాత్రి మీరు ఎంతసేపు పడుకున్నారు’ అని అడుగుతుంది. జవాబు రాకుండా కళ్లలో నీళ్లు తిరిగితే, రోగి స్కోరు 1 ఉన్నా సరే, అది వదిలి రాదగిన ఇల్లు కాదు. ఆ రాత్రికి ఎవరినైనా తోడు పంపడమో, రోగిని కొన్నాళ్లు వేరే చోట ఉంచడమో చేయాలి.

నిర్ణయం నర్సుదే అయినా ఒంటరిగా తీసుకోవాల్సిన పని లేదు, ఫోన్‌లో డాక్టరు ఉంటారు. ఆ సంభాషణకు వాడే పద్ధతి అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల నుంచి వైద్యంలోకి వచ్చింది: పరిస్థితి ఏమిటి, పూర్వాపరాలు ఏమిటి, నా అంచనా ఏమిటి, మీ నుంచి నాకేం కావాలి. మొదటి మూడూ బాగా చెప్పి నాలుగో దగ్గర నీళ్లు నమిలే నర్సులు ఎక్కువ. ‘ఒకసారి చెబుదామని చేశానండీ’ అంటే డాక్టరు ‘సరే, చూస్తూ ఉండండి’ అంటారు. ‘కాలు ఇన్‌ఫెక్షన్ పాకుతోంది, ఇవాళే సూది ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, మీరు చీటీ రాయాలి’ అంటే పని జరుగుతుంది.

ఇక వదిలి రావచ్చని తేలాక మిగిలేది ఏం చెప్పి వస్తారన్నది. ‘ఏమైనా అయితే ఫోన్ చేయండి’ అన్నది ఏమీ చెప్పకపోవడంతో సమానం. ఏమైతే? ఎప్పటిలోగా? ఎవరికి? ఎర్రబడిన కాలి మీద ఆ ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాసి, ‘ఎరుపు ఈ గీత దాటి పైకి పోతే, చలిజ్వరం వస్తే, అర్ధరాత్రైనా ఈ నంబరుకు చేయండి’ అనాలి. మార్చిన పైపు విషయంలో ‘నాలుగు గంటల్లో సంచీలోకి ఏమీ రాకపోతే’ అనాలి. తర్వాత వాళ్లను తిరిగి చెప్పమనాలి. తలూపడం వేరు, అర్థం కావడం వేరు. చదువు రాని ఇంట్లో గీత, బొమ్మ, గడియారం ముల్లు పనికొస్తాయి. నర్సు లేని గంటల్లో ఆ గీత నర్సు పని చేస్తుంది.

వదలకూడదని తేల్చినా వదలాల్సి వచ్చే ఇళ్లు కొన్ని ఉంటాయి. స్కోరు 6, ఆయాసం, డాక్టరు కూడా ఆస్పత్రే అన్నారు. మంచం మీది పెద్దావిడ ‘నేను రాను’ అంటుంది. ఇంగ్లండ్‌లో 2005 నాటి చట్టం ప్రకారం చూడాల్సినవి నాలుగు: చెప్పింది అర్థమైందా, కాసేపు గుర్తుంచుకోగలుగుతోందా, లాభనష్టాలు తూచగలుగుతోందా, తన మాట చెప్పగలుగుతోందా. నాలుగూ ఉంటే, ఆ నిర్ణయం మనకు తెలివితక్కువగా తోచినా ఆమెదే. అక్కడ నర్సు చేతిలో మిగిలేవి కొన్నే. ఎందుకు వద్దంటోందో అడగడం మొదటిది. చాలాసార్లు కారణం చావు భయం కాదు, పిల్లిని ఎవరు చూస్తారన్నదో, పోయినసారి వరండాలో రాత్రంతా పడి ఉన్న జ్ఞాపకమో అయి ఉంటుంది, దానికి దారి దొరికితే మనసు మారవచ్చు. మారకపోతే ఇంట్లో ఇవ్వగలిగిన మందు ఇవ్వాలి, ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాయాలి, డాక్టరుకు చెప్పాలి, ఫోన్ ఆమె చేతికి అందే చోట పెట్టాలి, మళ్లీ సాయంత్రం ఆరుకు వస్తానని చెప్పి రావాలి. ఆరింటికి తలుపు తట్టినప్పుడు లోపలి నుంచి వచ్చే గొంతు పొద్దుటికంటే బలంగా ఉందా, నీరసించిందా, ఒక్క గుక్కలో ఎన్ని మాటలు వస్తున్నాయి, రెండో పరీక్ష అక్కడి నుంచే మొదలవుతుంది.